బోణీ అయ్యాక రా

మా కోమలత్త సంగతి చెప్పాలంటే ముందు బోణీ సంగతి చెప్పాలి. పుదుచ్చేరి పెద్ద మార్కెట్లో పొద్దున అంగడి తెరిచాక మొదటి బేరం ఎవరి చేతి మీదుగా జరిగిందన్నది చిన్న విషయం కాదు. ఆ మొదటి మనిషి గీచి గీచి బేరమాడకూడదు, అప్పు అడగకూడదు, సరుకు పట్టి చూసి వద్దని వెళ్ళిపోకూడదు. ఇచ్చిన డబ్బును అంగడివాడు కళ్ళకద్దుకుని, తక్కెడకు తాకించి, గల్లాలో వేసుకుంటాడు. ఆ చెయ్యి మంచిదైతే రోజంతా గిరాకీ. కాకపోతే ఈగలు తోలుకోవడమే. చదువుకున్నవాళ్ళు తాము దీన్ని నమ్మం అంటారు. నమ్మం అని గట్టిగా చెప్పేవాళ్ళే మరింత గట్టిగా నమ్ముతారని మార్కెట్లో పెరిగినదాన్ని కాబట్టి నాకు తెలుసు.

మాది పసుపు కుంకుమ అంగడి. మార్కెట్‌కు రంగపిళ్ళై వీధి వైపున మా తాత వెంకటకృష్ణయ్య పెట్టాడు. పసుపు కొమ్ములు, కుంకుమ, కర్పూరం, వత్తులు, సాంబ్రాణి, వాటితో పాటు శొంఠి, పిప్పళ్ళు, వసకొమ్ము. ఎప్పుడో నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ పాతుకుపోయిన తెలుగువాళ్ళం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, గల్లా దగ్గర రెండూ కలిపి కొట్టిన పచ్చడి. తెలుగు అక్షరాలు మాత్రం మా ఇంట్లో తాతకూ అత్తకూ తప్ప ఎవరికీ రావు. నాకు నేర్పింది అత్తే. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆమె పుణ్యమే.

అత్త పావడా కట్టే వయసులో ఆమె చెయ్యి మార్కెట్లో పేరున్న చెయ్యి. ఇక్కడ ‘కైరాసి’ అంటారు, మనం హస్తవాసి అంటాం చూడండి, అది. బడికి పోయేముందు తాత ఆమె చేతికి ఒక నాణెం ఇచ్చి, అంగడి ముందు నిలబెట్టి, కర్పూరం బిళ్ళ కొనిపించేవాడు. అది చూసి పక్క అంగడివాళ్ళు కూడా “పాపా, మాకూ ఒకసారి” అని పిలిచేవాళ్ళట. పండ్ల అంగడిలో అరటిపండు, గాజుల అంగడిలో ఒక జత గాజులు. ఒకరి దగ్గర మొదలుపెట్టి వరసంతా బోణీలు చేసి, ఒడి నిండా సామాను వేసుకుని బడికి ఆలస్యంగా పోయేదట. మా నాయనమ్మ తాయారమ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా చివర్లో కళ్ళు తుడుచుకునేది. నాకు చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు, ఇందులో ఏడవడానికి ఏముందని.

అత్తను కడలూరులో ఇచ్చారు. మూడో ఏట కాన్పయింది. బిడ్డ పురిట్లోనే పోయింది. ఆ తర్వాత ఆమెకు కంటి మీద కునుకు లేకుండా పోయింది. కొన్నాళ్ళకు గోడ అవతల ఎవరో తనను తిడుతున్నారని అనడం మొదలుపెట్టింది. గోడ అవతల ఉన్నది పశువుల కొట్టం. ఒకనాడు పట్టపగలు తలుపు తీసుకుని వీధిలోకి పోయి, కనిపించినవాళ్ళందరినీ బిడ్డను ఇచ్చెయ్యమని అడిగింది. ఆ సాయంత్రమే అత్తింటివాళ్ళు ఆమెను తెచ్చి మా ఇంట్లో దింపి, “కుదిరాక కబురు పెట్టండి, వచ్చి తీసుకుపోతాం” అన్నారు. కుదిరింది. కబురు వెళ్ళింది. తిరిగి మాకు అందింది మాత్రం ఆమె మొగుడుగారి రెండో పెళ్ళి వార్త. ఆ పెద్దమనిషి గురించి ఇంతకంటే రాస్తే నా సిరా దండగ.

అది 1974. అత్తను మా ఊళ్ళోనే పెద్దాసుపత్రిలో చేర్చారు. మా అంగడి నుంచి నడిచిపోయేంత దూరం. కానీ ఊరికి మా నాయనమ్మ చెప్పిన మాట వేరు. “కోమల నెల్లూరులో మా చెల్లెలింటికి పోయుండాది. గాలి మార్పుకు.” ఆ గాలి మార్పు నిలబెట్టడానికి మా నాన్న వెంకటాద్రి పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. రోజూ అన్నం క్యారియర్ పట్టుకుని, దగ్గర్లోనే ఉన్న ఆసుపత్రికి నేరుగా పోకుండా, సముద్రం ఒడ్డు మీదుగా చుట్టు తిరిగి పోయేవాడు. బీచిలో వేరుసెనక్కాయలు అమ్మేవాళ్ళు కూడా ‘శెట్టిగారికి ఒడ్డున కూర్చుని క్యారియర్ అన్నం తినే అలవాటేదో పట్టింది’ అనుకున్నారట. చల్లకొచ్చి ముంత దాచడమంటే అదే.

నాన్నను ఎగతాళి చేస్తున్నానని అనుకోకండి. మా నాన్న మంచివాడు. చెల్లెలంటే ప్రాణం. ఈ కథలో చిక్కంతా మంచివాళ్ళతోనే వచ్చింది.

నయమై ఇంటికి వచ్చిన మర్నాడే అత్త తలంటుకుని, బుట్ట పట్టుకుని మార్కెట్‌కు బయల్దేరింది. నేను ఆరేళ్ళదాన్ని, ఆమె కొంగు పట్టుకుని పోయాను. మార్కెట్ మొదట్లోనే పూలమ్మే అంగమ్మాళ్ కూర్చుంటుంది. పెద్ద బొట్టు, పెద్ద గొంతు. చిన్నప్పుడు అత్త చేత్తో బోణీ చేయించుకోవడానికి పేచీ పడిన వాళ్ళలో ఆమె మొదటిది. ఆ పొద్దు అత్త డబ్బులు చాపి, ఒక మూర మల్లెపూలు అడిగింది. అంగమ్మాళ్ చెయ్యి చాపలేదు. పూలబుట్టను కొంచెం వెనక్కి జరుపుకుంది.

“ఇన్నుం బోణి ఆగలై తాయీ,” అంది. ఇంకా బోణీ కాలేదు తల్లీ అని. “అట్లా కొంచెం ఎడంగా నిలబడు. బోణీ అయ్యాక రా.”

అంటే నెల్లూరు గాలి మార్పు కథ మార్కెట్లో ఎవరూ నమ్మలేదన్న మాట. అంతా తెలుసు. ఆకుకూరలమ్మే జయమ్మాళ్ కూడా అదే మాట అంది. నిమ్మకాయల దగ్గరా అదే. ఎవరూ తిట్టలేదు, తరమలేదు. అందరూ ఎంతో మర్యాదగా, తల్లీ అనీ అక్కా అనీ పిలిచి, ఎడంగా నిలబడమన్నారు. అత్త తన కుడి చేతిని ఒకసారి తిప్పి చూసుకుంది. తర్వాత ఎడంగా పోయి నిలబడింది.

ఇంటికొచ్చాక నాయనమ్మ ఉపాయం చెప్పింది. “పది గంటలు దాటినాక పో పాపా. అప్పటికి అందరికీ బోణీలు అయ్యుంటాయి. ఎవురూ ఏమీ అనరు.”

“పదింటికి పోతే వాళ్ళు అనకముందే నేను ఒప్పుకున్నట్టు కదమ్మా,” అంది అత్త. “నేను పొద్దున్నే పోతా. నిలబడమంటే నిలబడతా. రోజూ నాకు చెప్పాలి వాళ్ళు, నా మొహం చూసి చెప్పాలి.”

అలాగే చేసింది. ఒకరోజు కాదు, ఒక నెల కాదు, పుష్కరం పాటు. పొద్దున మార్కెట్ తెరిచే వేళకు తలదువ్వి, ఇస్త్రీ చీర కట్టుకుని, అంగమ్మాళ్ బుట్ట ముందుకు పోయి డబ్బులు చాపేది. అంగమ్మాళ్ “బోణీ అయ్యాక రా” అనేది. అత్త ఎడంగా నిలబడేది. వేరెవరో వచ్చి కొనేవాళ్ళు. అప్పుడు అత్త పూలు తీసుకుని, అక్కడికక్కడే తలలో పెట్టుకుని, తల ఎత్తుకుని ఇంటికొచ్చేది. “మొగుడు వదిలేసినదానికి రోజూ పూలెందుకో” అని గొణిగినవాళ్ళు గొణిగారు. ఆమె మూర పూలు తగ్గించలేదు.

ఇంకో పని కూడా చేసింది, నాయనమ్మ గుండెలు బాదుకునేటట్టు. మా బంధువొకావిడ ఇంటికొచ్చి “నెల్లూరు నీళ్ళు పడినాయా కోమలా?” అని తీపిగా అడిగింది. అత్త కాఫీ గ్లాసు చేతికిచ్చి, “నెల్లూరు నేను కంటితో చూళ్ళేదు పిన్నీ. ఈడనే పెద్దాసుపత్రిలో ఉండినా. బుద్ధి చెదిరింది. మాత్రలు మింగతా ఉండా. ఇప్పుడు బాగుండాది” అని చెప్పేసింది. ఆవిడ గ్లాసు కింద పెట్టలేక, తాగలేక నానా అవస్థ పడింది. ఆవిడ పోయాక నాయనమ్మ ఏడ్చింది. మా అమ్మ గిరిజ అయితే రెండు రోజులు అత్తతో మాట్లాడలేదు. అత్త ఒకటే మాట అంది. “అబద్ధాన్ని గుర్తు పెట్టుకోవాలంటే బుర్ర గట్టిగా ఉండాల వదినే. నాది ఇప్పుడే అతుక్కుంటా ఉండాది. దాని మీద అంత బరువు పెట్టలేను.”

మన భాషలో పిచ్చి మీద ఉన్నన్ని సామెతలు మరి దేని మీదా లేవేమో. మార్కెట్లో ఒకామె నలుగురిలో నవ్వించాలని “ఏమ్మా, పిచ్చి కుదిరిందా? రోకలి తలకు చుట్టమంటావా?” అంది. అత్త ఆగి, ఎంతో శాంతంగా, “మీ ఇంట్లో రోకలి ఉంటే పంపించండక్కా. తలకు చుట్టుకునేది చేతకాదు గానీ, మీ ఇంటికి సంవత్సరానికి సరిపడా మిరపకాయలు దంచి పెడతా. కూలి మాత్రం ముందే ఇయ్యాల” అంది. నవ్వారు, కానీ ఈసారి ఎవరిని చూసి నవ్వారో ఆ అడిగినామెకు తెలిసింది.

అంతా ఇలా గెలుపే అని చెప్తే నేను కూడా నెల్లూరు కథ చెప్పినట్టే. జబ్బు మళ్ళీ వచ్చింది. 1978లో వానాకాలంలో ఆమెకు నిద్ర పట్టడం మానేసింది. ఈసారి ఆమెకే ముందు తెలిసింది. సంచిలో రెండు చీరలు పెట్టుకుని, “అన్నా, గోడ అవతల మాటలు మొదలయ్యేట్టుండాయి. నన్ను ఆసుపత్రిలో దింపు” అని తనే అడిగింది. ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో నాకు పెద్దయ్యాక అర్థమైంది. నయమై వచ్చే రోజు నాన్న టాపు ఉన్న రిక్షా మాట్లాడి, ముందొక దుప్పటి కూడా వేలాడదీయించాడు. అత్త దాన్ని చూసి, “నేనేమన్నా ఘోషా బేగమ్‌నా?” అని దిగి, నడిచింది. మిట్టమధ్యాహ్నం, మార్కెట్ నడిమధ్యగా, సంచి భుజానికి తగిలించుకుని ఉప్పళంలో మా ఇంటి దాకా నడిచింది. వెనక ఖాళీ రిక్షా, దాని వెనక మా నాన్న. దారిలో పలకరించిన వాళ్ళకు “ఆసుపత్రి నుంచి వస్తా ఉండా, బాగుండా” అని జవాబు చెప్పుకుంటూ నడిచింది. మా ఇంటి ఆడవాళ్ళలో ఎవరి నడకైనా చూసి నేను గర్వపడ్డానంటే అది ఆ రోజు నడకే.

ఆ మాత్రలకు ఆమె చేతులు వణికేవి. టీ కప్పు పట్టుకుంటే సాసర్ టకటకలాడేది. “చూడు, జబ్బు పోలేదు” అనుకునేవాళ్ళు జనం. “వణికేది జబ్బుకు కాదు, మందుకు” అని ఆమె ఎంతమందికి చెప్పిందో. ఆ వణికే చేతులతోనే మా అంగడి వెనక గదిలో కూర్చుని కుంకుమ పొట్లాలు కట్టేది. పసుపు జల్లించేది. ముందు గల్లా దగ్గరికి మాత్రం రానిచ్చేవాళ్ళు కాదు.

ఆమె అడిగింది ఒక్కటే. చీర కాదు, నగ కాదు. “అన్నా, ఒక్క శుక్రవారం మన అంగడికి నా చేత్తో బోణీ చేయించు. నాయన చేయించినట్టే.” నాన్న ప్రతిసారీ “చూద్దాంలే” అనేవాడు. చూద్దామంటే లేదని అర్థం. ఆ సంగతి మా అంగడికి అప్పుకొచ్చేవాళ్ళకే తెలుసు, అత్తకు తెలియదా? అయినా అడిగేది. మూడు నాలుగు నెలలకొకసారి, మొహమాటం లేకుండా అడిగేది.

అమ్మ భయం ఇంకోటి. ఆడపిల్లను కన్నది. “ఇంట్లో ఇట్లాంటి మనిషి ఉండాదని నలుగురికీ చూపిస్తే రేపు పిల్లకు సంబంధం యాడ దొరుకుతాది?” అనేది. అంటే నా పేరు చెప్పి అత్తను వెనక గదిలో పెట్టారు. నన్నెవరూ అడగలేదు. ఇప్పటికీ ఆ మాట తలచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. నా పెళ్ళి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే కథ దాని కోసం ఆగడం నాకిష్టం లేదు. పెళ్ళిచూపులకు వచ్చినప్పుడు కాఫీలు తెచ్చింది అత్తే. గ్లాసులు టకటకలాడుతుంటే, “నాకు మెదడుకు జబ్బు చేసింది, మందు వాడతా ఉండా, ఇది తెలిసినాకనే మాట్లాడుకుందాం” అని ఆమే చెప్పింది. మొదట వచ్చినవాళ్ళు కాఫీ చల్లారేలోపు లేచిపోయారు. రెండోసారి వచ్చిన వాళ్ళలో పెద్దాయన “మా తమ్ముడూ అంతేనమ్మా, ఏ మాత్రలు వాడుతున్నారు?” అని అడిగాడు. వాళ్ళింటికే నేను కోడలిగా పోయాను. సంబంధాలు జల్లించడానికి అత్తకంటే మంచి జల్లెడ మాకు దొరికేది కాదు.

ఇక అసలు సంగతికి వస్తాను.

1986లో ఒకనాడు అత్తతో పాటు నేనూ ఆసుపత్రికి పోయాను. నెలకోసారి మాత్రలు తెచ్చుకోవడానికి అక్కడ పెద్ద వరస ఉంటుంది. బల్ల చివర ఒకామె కొంగు మొహం మీదికి లాక్కుని కూర్చుని ఉంది. పక్కన పాతికేళ్ళ మనిషి, నేల చూపులు. కొంగు జారినప్పుడు చూస్తే అంగమ్మాళ్. పక్కనున్నవాడు ఆమె ఒక్కగానొక్క కొడుకు తంగవేల్. అంగమ్మాళ్ మమ్మల్ని చూసి మొహం గోడ వైపు తిప్పుకుంది. అత్త పోయి ఆ బల్ల మీదే, ఆమె పక్కనే కూర్చుంది. ఏమీ అడగలేదు. వాళ్ళ వంతు వచ్చినప్పుడు మాత్రం తంగవేల్‌తో, “మొదట్లో నోరు ఎండిపోతాది తమ్ముడూ. చేతులు వణుకుతాయి. భయపడి మానేయొద్దు” అంది. అతను మొదటిసారి తలెత్తి ఆమె చేతుల వైపు చూశాడు.

మర్నాడు పొద్దున మార్కెట్లో అంగమ్మాళ్ గొంతు దూరం నుంచే వినిపించింది. “నా కొడుక్కు సేదరపేటలో ఫ్యాక్టరీ పని దొరికింది. అక్కడే రూము తీసుకున్నాడు.” మా నాయనమ్మకు నెల్లూరు, ఆమెకు సేదరపేట. అత్త ఎప్పటిలాగే డబ్బులు చాపింది. అంగమ్మాళ్ ఆమె కళ్ళలోకి చూడకుండా, “బోణీ అయ్యాక రా తాయీ” అంది.

నాకు కోపం ఆగలేదు. “ఆ నోటితో ఎట్లా అంటాది అత్తా?” అన్నాను తిరిగి వచ్చేటప్పుడు.

“ఉన్నట్టుండి నన్ను పిలిస్తే, ఎందుకని అడుగుతారు కదా నలుగురూ. దానికి భయం,” అంది అత్త. కొంచెం దూరం నడిచాక, “అబద్ధం దానిది, నిలబడేది నేను. నాకూ కోపం లేకపోలేదు” అంది. కానీ ఆ కోపంతో ఒక్క మాట బయట పెట్టలేదు. సేదరపేట కథ మార్కెట్లో హాయిగా తిరిగింది.

ఆ ఏడే నాన్న ఒర్లియంపేటలో కొత్త అంగడి తెరిచాడు. విజయదశమి నాడు ముహూర్తం. ఇనప షట్టర్, ట్యూబ్‌లైట్లు, గోడకు అద్దం. మొదటి బోణీకి బియ్యం మిల్లు దేవరాజన్ గారిని పిలిచారు. పెద్ద ఆసామి, కారున్న మనిషి, ఆయన చెయ్యి తగిలితే అంగడికి తిరుగుండదని మా అమ్మ వైపు వాళ్ళంతా చెప్పారు. అత్త ఈసారి ఏమీ అడగలేదు. అడగకపోవడమే నాన్నకు ముల్లులా గుచ్చుకున్నట్టుంది.

ముహూర్తం నాటి పొద్దున, అప్పుడే తెల్లవారుతుండగా, నాన్న మమ్మల్ని ముందుగా అంగడికి తీసుకుపోయాడు. నాయనమ్మ, అమ్మ, అత్త, నేను. లోపలికి పోగానే షట్టర్ కిందికి దించేశాడు. పూజ సామాను అంతా సర్ది ఉంది. నాన్న గల్లా వెనక నిలబడి, అత్తను పిలిచాడు.

“రా కోమలా. ముందు నీ చేత్తోనే. మనింటి ఆడబిడ్డవి, నువ్వు కాకుంటే ఎవురు? దేవరాజన్ గారు వచ్చినాక అందరి ముందరా ఆయన చేత్తో చేయిద్దాం. ఇది మన మధ్యన. దేవుడికి తెలిస్తే చాలు.”

నాయనమ్మ అప్పుడే ఏడవడం మొదలుపెట్టింది. అమ్మ కూడా “రా కోమలా” అంది, నిజంగా ప్రేమగానే అంది. అందరూ కలిసి ఎంతో ఆలోచించి, ఎవరి మనసూ నొవ్వకుండా చేసిన ఏర్పాటు. ఆశ పెట్టుకున్న బోణీ ఎదురుగా ఉంది. అత్త పచ్చ పట్టుచీరలో నిలబడి ఉంది. చేతిలో రెండు రూపాయల నోటు మడత పెట్టి పట్టుకుంది. నోటు వణుకుతోంది. ఆమె గల్లా వైపు చూసింది. తర్వాత దించిన షట్టర్ వైపు చూసింది.

“దేవుడికి తెలిస్తే చాలనుకుంటే గుళ్ళో హుండీలో వేస్తా కదన్నా,” అంది. “ఇది అంగడి.”

“కోమలా…”

“షట్టర్ దించుకుని చేసేదాన్ని యాడన్నా బోణీ అంటారా? నన్ను వెనక గదిలో పెట్టినావు, సరే అన్నా. నెల్లూరుకు పంపినావు, పోకుండానే పొయ్యొచ్చినా. నా చేతిని కూడా దాచిపెట్టుకుంటావా? వద్దు. ఇట్లా చేసేదానికంటే చెయ్యకుండా పోతేనే నాకు మర్యాద.”

అత్త వంగి, రెండు చేతులతో షట్టర్ పిడి పట్టుకుని ఎత్తింది. కొత్త షట్టర్, బిగుసుకుపోయి ఉంది. ఒర్లియంపేటంతా లేచేటట్టు మోత మోగింది. నడుము ఎత్తు దాకా వచ్చింది. ఆమె కింద నుంచి వంగి బయటికి పోయింది. వెనకే నేనూ దూరాను.

బయట అప్పటికే వెలుగొచ్చింది. అరటి చెట్లు కట్టేవాళ్ళు, ఇరుగుపొరుగు, పెందలాడే వచ్చిన చుట్టాలు, మార్కెట్ నుంచి వచ్చిన మనుషులు అందరూ మోతకు ఇటు తిరిగారు. గుమ్మానికి దండలు కట్టడానికి అంగమ్మాళ్‌నే పిలిపించారు. ఆమె దండలు కట్టేసి, వచ్చినవాళ్ళకు అమ్ముకోవచ్చని బుట్టతో ఎదురు అరుగు మీద కూర్చుంది. పక్కన జయమ్మాళ్. బుట్ట నిండా మల్లెపూలు. ఇంకా ఒక్క మూర అమ్మలేదు.

అత్త వీధి దాటి నేరుగా అక్కడికే పోయింది. ఇన్నాళ్ళూ చాపినట్టే చెయ్యి చాపింది. ఇంతమంది ముందు ఆ మాట వినడానికి సిద్ధపడి, ఎడంగా నిలబడడానికి ముందే ఒక అడుగు వెనక్కి వేసింది.

అంగమ్మాళ్ ఆ చేతిని చూస్తూ ఉండిపోయింది. అలా వణికే వేళ్ళను ఆమె ఇప్పుడు ఇంట్లో కూడా రోజూ చూస్తోంది.

“అక్కడెందుకు నిలబడతావు తాయీ,” అంది చివరికి. “ముందుకు రా. బోణీ చెయ్యి.”

జయమ్మాళ్ ఆమె మోచెయ్యి పట్టుకుంది. “ఏంది అంగమ్మా, తెలిసే పిలుస్తా ఉండావా?”

“తెలిసే పిలుస్తా ఉండా,” అంది అంగమ్మాళ్. ఆమె పెద్ద గొంతు వీధి చివరిదాకా వినిపించింది. “నా కొడుకు సేదరపేటలో లేడు. యాడా లేడు, ఇంట్లోనే ఉండాడు. ఈమె మింగే మాత్రలే వాడూ మింగతా ఉండాడు. చేతులు ఇట్లానే వణుకుతాయి. ఆ చేత్తోనే రోజూ నాకు గంజి పోసిస్తాడు. తాగుతా ఉండా. చచ్చినానా?”

జయమ్మాళ్ చెయ్యి తీసేసింది. అంగమ్మాళ్ మూర కొలిచింది. తన మోచేతితో కొలిచి, పైన ఇంకో జానెడు వదిలి తెంచింది. అత్త ఇచ్చిన నోటును రెండు చేతులా అందుకుని, ఒక కన్నుకూ రెండో కన్నుకూ అద్దుకుని, బుట్టకు తాకించింది. ఇద్దరి కళ్ళూ నిండి ఉన్నాయి. చిల్లర కోసం అంగమ్మాళ్ రొంటిన ఉన్న సంచి వెతుక్కుంటోంది.

అప్పుడే దేవరాజన్ గారి కారు వచ్చి ఆగింది. అదే సమయానికి వెనక పెద్ద మోత. తిరిగి చూస్తే మా నాన్న షట్టర్‌ను పైకంటా ఎత్తేస్తున్నాడు. లోపలి ట్యూబ్‌లైట్లు, పూజ, గల్లా, ఏడుస్తున్న నాయనమ్మ, అన్నీ వీధిలోకి కనిపించాయి. నాన్న కారు వైపు పోలేదు. కొత్త పంచె, భుజం మీద జరీ ఉత్తరీయంతో వీధి దాటి అత్త దగ్గరికి వచ్చాడు. అందరికీ వినబడేటట్టే అన్నాడు.

“కోమలా. మన అంగడికి ఇంకా బోణీ కాలేదు. వచ్చి నీ చేత్తో చెయ్యి.”

అత్త తిరిగి చూడలేదు. అంగమ్మాళ్ ఇంకా చిల్లర వెతుకుతోంది.

“ఆగన్నా,” అంది అత్త. “కొంచెం ఎడంగా నిలబడు. ఈడ బోణీ అవతా ఉండాది. అయ్యాక వస్తా.”

మా నాన్న ఒక అడుగు వెనక్కి వేసి నిలబడ్డాడు. దేవరాజన్ గారు కారు దిగి, ఏమిటో అర్థం కాక ఆయన వెనకే నిలబడ్డారు. వాళ్ళ వెనక చుట్టాలు, అమ్మ వైపు వాళ్ళు. అత్త తొందరపడలేదు. పూలు తలలో పెట్టుకుంది, పిన్ను సర్దుకుంది, అంగమ్మాళ్ తిరిగిచ్చిన రూపాయి బిళ్ళను అరచేతిలో చూసుకుంది. తర్వాత వీధి దాటింది. ఆ రూపాయితోనే మా కొత్త అంగడి బోణీ అయింది.